వేట అనే మాటకు మన దగ్గర రెండు అర్థాలు

ప్రశ్న: పన్నెండేళ్లుగా డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇంకా హెచ్-1బి వీసా మీదే ఉన్నాను. మా ఆఫీసులో వయసులో నాకంటే పెద్దవారైన ఒక అమెరికన్ మిత్రుడు ఏటా వేటకు వెళ్తుంటారు. ఈ డిసెంబరులో దక్షిణ డకోటాలోని ఒక ప్రైవేటు ర్యాంచ్‌కు (పశువులను పెంచే పెద్ద క్షేత్రానికి) బైసన్ అనే మూపురం ఉన్న అమెరికా పశువు వేటకు వెళ్తున్నామని, నన్నూ రమ్మని అడుగుతున్నారు. నలుగురం డబ్బు వేసుకుని ఒక జంతువును తీసుకోవాలి, మాంసం నాలుగు వాటాలు. మొదటిసారి వస్తున్నానని తుపాకీ పేల్చే అవకాశం మాత్రం నాకే ఇస్తామంటున్నారు. ఇది జంతువుకు అన్యాయం చేయని, నియమం ఉన్న ఆట అనీ, దీన్నే ‘ఫెయిర్ చేజ్’ అంటారనీ ఆయన చెబుతున్నారు. నా భార్య మాత్రం, మేస్తూ నిలబడ్డ గొడ్డును కాల్చడం ఏం ఆట అని అడుగుతోంది. చిన్నప్పుడు నల్గొండ దగ్గర మా ఊళ్లో నేను గేదెలు కాశాను. బైసన్‌ను చూస్తే నాకు అవే గుర్తొస్తాయి. అలాగని ఆదివారం మటన్ మానేసినవాణ్ణి కాను. ఇది నిజంగా ఆటేనా? నేను వెళ్లవచ్చా?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. తినడం కోసం ఒక జంతువును చంపవచ్చా అన్నది మొదటిది. ఆదివారం మటన్ సంగతి మీరే ఒప్పుకున్నారు కనుక దాని జోలికి నేను వెళ్లను, ఆ విషయంలో మీకు నీతులు చెప్పే అర్హత కూడా నాకు లేదు. చంపడాన్ని ఆట అని పిలవవచ్చా అన్నది రెండోది. మీ శ్రీమతి అడిగింది ఈ రెండో ప్రశ్న, మీ మిత్రుడు జవాబు చెప్పానని అనుకుంటున్నదీ దీనికే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంచె లోపల, తలకు ఇంతని ధర కట్టి, ఫలానా రోజున చూపించే బైసన్‌ను కాల్చడం ఆట కాదు. అది తప్పుడు పని అని నేను అనడం లేదు, ఆ పేరు దానికి చెల్లదని మాత్రమే అంటున్నాను.

మీ మిత్రుడు వాడిన ఫెయిర్ చేజ్ అనే మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్, తరువాత అమెరికా అధ్యక్షుడైనవాడు, తన తోటి వేటగాళ్లతో కలిసి స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ దానికి ఒక నిర్వచనం ఇచ్చింది. దాని సారాంశం ఇది: స్వేచ్ఛగా తిరిగే అడవి జంతువును, చట్టానికి లోబడి, వేటగాడికి దాని మీద అనుచితమైన పైచేయి లేని పద్ధతిలో వెంబడించి పట్టడం. ఇందులో ‘స్వేచ్ఛగా తిరిగే’ అన్న మొదటి షరతు దగ్గరే మీ ర్యాంచ్ బైసన్ ఆగిపోతుంది. ఈ క్లబ్బు పెద్ద జంతువుల కొలతల రికార్డులు కూడా నిర్వహిస్తుంది. బైసన్‌ను స్వేచ్ఛగా తిరిగే అడవి జంతువుగా గుర్తించి, దాని వేటకు లైసెన్సో అనుమతి చీటీయో తప్పనిసరి చేసిన రాష్ట్రాల నుంచి వచ్చినవాటినే అందులోకి తీసుకుంటుంది. అంటే మీ మిత్రుడు ఏ పెద్దల మాటను అరువు తెచ్చుకున్నారో, ఆ పెద్దలే దాన్ని ఈ సందర్భానికి ఒప్పుకోరు.

ఈ నియమం వెనక ఉన్న కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందులో బైసన్‌కు పెద్ద పాత్ర ఉంది. 1883 సెప్టెంబరులో రూజ్‌వెల్ట్, అప్పటికి ఇరవై నాలుగేళ్ల న్యూయార్క్ యువకుడు, బైసన్‌లు పూర్తిగా అంతరించకముందే ఒకదాన్ని కొట్టాలని డకోటా ప్రాంతానికి రైలెక్కి వచ్చాడు. రోజుల తరబడి వానలో తడిశాడు, బురదలో పడి లేచాడు, దొరికినట్టే దొరికిన వాటిని గురి తప్పి పోగొట్టుకున్నాడు. చివరికి ఒకటి చిక్కినప్పుడు దాని చుట్టూ గంతులు వేసి, దారి చూపిన మనిషికి అక్కడికక్కడే వంద డాలర్లు చేతిలో పెట్టాడు. ఒక జాతిలో మిగిలిన చివరి కొన్నింటిలో ఒకదాన్ని చంపి ఎగిరి గంతేసినవాడే నాలుగేళ్లు తిరిగేసరికి వేటకు ధర్మం ఉండాలని క్లబ్బు పెట్టాడు. ఇందులో వంచన ఉందని కొందరంటారు, పశ్చాత్తాపం ఉందని ఇంకొందరంటారు. నాకైతే, కళ్ల ముందు ఖాళీ అయిపోయిన మైదానాన్ని చూసిన మనిషికి ఆలస్యంగా కలిగిన బుద్ధిలా కనిపిస్తుంది.

ఆ మైదానం ఎలా ఖాళీ అయిందో కూడా తెలియాలి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఉత్తర అమెరికాలో కనీసం మూడు కోట్ల బైసన్‌లు ఉండేవని అంచనా. 1889లో విలియం హోర్నడే అనే జంతుశాస్త్రవేత్త లెక్క కట్టేసరికి, బోనుల్లో ఉన్నవాటితో సహా, మొత్తం 1,091 తేలాయి. ఎల్లోస్టోన్ పార్కులో మిగిలిన అడవి మంద 1902 నాటికి రెండు డజన్లకు అటూ ఇటూగా ఉంది. రైలు కంపెనీ కూలీలకు మాంసం సరఫరా చేసే పనిలో పద్దెనిమిది నెలల్లోపే 4,280 చంపానని బఫెలో బిల్ కోడీ స్వయంగా చెప్పుకున్నాడు. కదులుతున్న రైలు కిటికీల్లోంచి సరదాకి కాల్చి, కళేబరాలను పట్టాల పక్కనే వదిలేసి పోయినవాళ్లూ ఉన్నారు. అయితే అసలు ఊచకోత 1870లలో జరిగింది. బైసన్ తోలును యంత్రాల బెల్టులకు పనికొచ్చే గట్టి తోలుగా ఊనడం తూర్పు తీరపు కార్ఖానాలు నేర్చుకున్న తరువాత, తోలు వేటగాళ్లు జట్లుజట్లుగా మైదానాల మీద పడ్డారు.

ఆ తోలు వేటగాళ్ల పద్ధతిని మీరు బాగా గమనించాలి. గాలి తమ వైపు వీచేలా చూసుకుని, రెండు మూడు వందల గజాల దూరంలో నేల మీద కూర్చుని, రెండు కర్రలను అడ్డంగా కట్టి వాటి మీద బరువైన తుపాకీ ఆనించి, మందను నడిపే పెద్ద ఆడదాన్ని ముందుగా ఊపిరితిత్తుల్లో కొట్టేవారు. గుండెలో కొడితే అది పరుగెత్తుతుంది, దాని వెంట మందా పరుగెత్తుతుంది. ఊపిరితిత్తుల్లో తగిలితే నిలబడిపోయి, ముక్కుల నుంచి నెత్తురు కారుస్తూ తూలుతుంది. అప్పుడు మిగతావి పారిపోవడానికి బదులు దాని చుట్టూ మూగి వాసన చూస్తాయి, కొమ్ములతో కుళ్లగిస్తాయి, లేవమన్నట్టు తోస్తాయి. వాటిలో ఏది పక్కకు నడవడం మొదలుపెడితే దాన్ని కొట్టాలి, తరువాత ఇంకొక దాన్ని. ఈ పద్ధతికి వాళ్లు పెట్టుకున్న పేరుకు ‘నిలబెట్టడం’ అని అర్థం. మంచి చేయి ఉన్నవాడు కూర్చున్న చోటు నుంచి లేవకుండానే డజన్లకొద్దీ పడగొట్టేవాడు.

మొత్తం వ్యవహారానికి కీలు ఇక్కడే ఉందని నేను అనుకుంటాను. బైసన్ భయపడితే పారిపోయే జంతువు కాదు, నిలబడే జంతువు. తోడేళ్లు వచ్చినప్పుడు అది నేర్చుకున్న రక్షణ అదే. పరుగెత్తిన దాన్ని తోడేళ్లు వెంటాడి పడగొడతాయి, మంద కట్టి తల దించి ఎదురు నిలిచిన దాని దగ్గరకు రావడానికి వెనకాడతాయి. వేల ఏళ్లుగా ప్రాణం కాపాడిన ఆ గుణమే తుపాకీ ముందు దాని ప్రాణం తీసింది. మగది తొమ్మిది వందల కిలోల దాకా తూగుతుంది, గంటకు యాభై కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తగలదు, పార్కుకు వచ్చిన యాత్రికులను గాలిలోకి ఎగరేయగలదు. ఆ బలం చూసి, దీన్ని కొట్టడం పెద్ద సాహసమని కొత్తవాళ్లు పొరపడతారు. జంతువు ఎంత బలమైనదో ఆటకు ప్రమాణం కాదు. అది మనల్ని పసిగట్టి తప్పించుకునే అవకాశం ఎంత, మనం ఉత్త చేతులతో ఇంటికి తిరిగొచ్చే అవకాశం ఎంత అన్నవే ప్రమాణాలు. ఆ లెక్కన దుప్పి కన్నా బైసన్‌తో న్యాయంగా ఆడటం కష్టం.

కొన్నేళ్ల కిందట ఒక ఫిబ్రవరి ఉదయం ఎల్లోస్టోన్‌లోని లామార్ లోయలో నేను కారు ఆపి కూర్చున్నాను. శీతకాలంలో కార్లకు తెరిచి ఉంచే దారి అదొక్కటే. రోడ్డు పక్కన, కిటికీ దించితే ఊపిరి చప్పుడు వినిపించేంత దగ్గరలో, ఒక పెద్ద మగది తలను అటూ ఇటూ ఊపుతూ మంచును పక్కకు తోస్తోంది. పార పట్టుకుని కాలువ తీస్తున్న మనిషికి ఉండే నిదానం దానిది. గడ్డం వెంట్రుకలకు మంచు ముద్దలు కట్టి ఉన్నాయి, అడుగున దొరికిన ఎండు గడ్డిని రెండు నోళ్లు కొరికి మళ్లీ తల ఊపేది. ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు, కోపం లేదు, అసలు నేనొక విషయమే కాదు. అంత దగ్గర నుంచి దాన్ని కాల్చడానికి ఏ నేర్పు కావాలని అప్పుడే అనుకున్నాను. గేదెలు కాసిన మీకు ఆ చూపు తెలిసే ఉంటుంది.

ఈ ప్రశ్న మీకే వచ్చిందని అనుకోకండి, ఒక రాష్ట్రమే దీనితో తలబొప్పి కట్టించుకుంది. ఎల్లోస్టోన్ బైసన్‌లలో బ్రూసెల్లోసిస్ అనే పశువ్యాధి ఉంది. చలికాలంలో అవి మేత కోసం పార్కు దాటి వస్తే తమ ఆవులకు అంటుతుందని మోంటానా పశువుల యజమానుల భయం. అందుకని 1980ల నడుమ ఆ రాష్ట్రం వేటకు అనుమతి ఇచ్చింది. జాబితాలో పేరున్న వేటగాడికి అధికారులు కబురు పెట్టేవారు, అతను వస్తే దగ్గరుండి తీసుకెళ్లి ఇదిగో అని చూపించేవారు, మనిషిని చూసి బెదరడం తెలియని ఆ జంతువు నిలబడి ఉండేది, అతను కాల్చేవాడు. 1988-89 చలికాలం ఒక్కదానిలోనే 569 పడ్డాయి. ఆ దృశ్యాలు టీవీల్లో చూసి దేశం మండిపడింది. మండిపడ్డవాళ్లంతా శాకాహారులూ కారు, వాళ్లలో వేటగాళ్లు కూడా ఉన్నారు. 1991లో రాష్ట్ర శాసనసభ ఆ వేటను ఆపేసింది. 2005 నవంబరులో మళ్లీ మొదలైనప్పుడు అధికారులు వెంట వెళ్లి చూపించే పద్ధతి తీసేశారు. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. పార్కు ఉత్తరపు హద్దులో, గార్డినర్ ఊరి దగ్గర బీటీ గల్చ్ అనే ఇరుకైన చోటు ఉంది. మంచు ఎక్కువైన ఏడాదిలో బైసన్‌లు ఆ సందులోంచే బయటికి రావాలి, వేటగాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. 2022-23 చలికాలంలో పార్కు చుట్టుపక్కల వేటలో వెయ్యికి పైగా చనిపోయాయి. అవి కంచె లేని అడవి జంతువులే. కానీ గీత దాటిన మరుక్షణం తుపాకుల వరుస ఎదురయ్యే చోట ‘వెంబడించడం’ అనే మాటకు ఎంత అర్థం మిగులుతుందో మీరే ఆలోచించండి.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఆ హద్దులో వేటాడేవారిలో చాలామంది నెజ్ పెర్స్, సేలిష్-కూటనై, షోషోన్-బానాక్, యాకమా వంటి ఆదివాసీ జాతులవారు. 1855 నాటి ఒప్పందాల్లాంటి వాటిలో అమెరికా ప్రభుత్వం రాసిచ్చిన హక్కు మీద వాళ్లు వస్తారు. వాళ్లు ఆటకు రావడం లేదు కనుక ఆట నియమాలతో వాళ్లను కొలవడం పొరపాటు. కెనడాలోని ఆల్బెర్టాలో ఒక కొండ అంచు ఉంది. వేల ఏళ్ల పాటు అక్కడి జనం మందలను తరిమి ఆ అంచు మీంచి దూకించి, దొరికిన మాంసాన్ని ఎండబెట్టి చలికాలం గడిపేవారు. 1981లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అది న్యాయమైన ఆటేనా అని ఎవరైనా అడిగితే, పొలంలో వరి కోసేవాణ్ణి పట్టుకుని నీ ఆటలో గెలుపెవరిది అని అడిగినట్టే ఉంటుంది. తిండి కోసం చేసే పనికి న్యాయం వేరు, వినోదం కోసం చేసే పనికి న్యాయం వేరు.

మరి బైసన్ వేట నిజంగా ఆట అనిపించుకునే చోటే లేదా అంటే, ఉంది. యూటా రాష్ట్రంలో హెన్రీ పర్వతాలని ఉన్నాయి, నీళ్లు తక్కువ, ఎక్కుడు దిగుడు ఎక్కువ. 1941లో ఎల్లోస్టోన్ నుంచి 18 బైసన్‌లను ఆ ప్రాంతానికి తెచ్చి వదిలారు. తరువాత అవి తమంతట తామే ఆ కొండల్లోకి చేరి మందగా పెరిగాయి. తరాలుగా మనిషి తుపాకీ ఎరిగిన మంద అది. గాలిలో వాసన తగిలితే చాలు, నిలబడటం మానేసి కొండ దాటి పోతుంది. అక్కడ వేటకు పర్మిట్ లాటరీలో రావాలి, వస్తే జీవితంలో ఒక్కసారే. దొరికినవాడు కూడా రోజుల తరబడి నడిచి, దూరం నుంచి దుర్భిణీలో మందను చూసి, చుట్టు తిరిగి వెళ్లేసరికి అది మాయమై, మళ్లీ మొదటికి రావలసి వస్తుంది. మీ మిత్రుడు అక్కడికి రమ్మని ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

పేరు విషయంలో నిజాయితీ ఎలా ఉంటుందో చూపించే సంఘటన ఒకటి 2021లో గ్రాండ్ కాన్యన్‌లో జరిగింది. 1906లో ఒకాయన ఆవులతో సంకరం చేయాలని ఆ ప్రాంతానికి తెచ్చిన బైసన్‌ల సంతతి పెరిగి పెరిగి, వేట నిషేధం ఉన్న పార్కులోకి చేరి, నీటి గుంటలను తొక్కి పాడుచేస్తోంది. వాటిని తగ్గించడానికి 12 మంది స్వచ్ఛంద షూటర్లు కావాలని పార్కు ప్రకటిస్తే రెండు రోజుల్లో 45,000 మందికి పైగా దరఖాస్తు పెట్టారు. వంద గజాల దూరంలో నాలుగు అంగుళాల వృత్తంలో ఐదు తూటాల్లో మూడైనా పడాలని పరీక్ష పెట్టారు. ఇంత హడావిడి జరిగినా, ఇది వేట కాదు, సంఖ్య తగ్గించే పని అని పార్కు అధికారులు పదే పదే చెబుతూనే ఉన్నారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. వేట అని పిలిచి ఉంటే ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదేమో, అయినా అలా పిలవలేదు.

ఇప్పుడు మీ ర్యాంచ్‌కు వద్దాం. ప్రైవేటు ర్యాంచ్‌లో పెరిగే బైసన్ సాధారణంగా చట్టం దృష్టిలో పశువు. ఆవును పెంచినట్టే పెంచుతారు, అమ్ముతారు, కోస్తారు. చలికాలంలో చాలా ర్యాంచ్‌లలో పికప్ ట్రక్కులో దాణా ముక్కలు తెచ్చి మేపుతారు. ట్రక్కు చప్పుడు వినగానే మంద తలెత్తి ఎదురొస్తుంది. డిసెంబరులో మిమ్మల్ని ఎక్కించుకుని వెళ్లేది కూడా అలాంటి ట్రక్కే అయితే, మీరు కాల్చబోయే జంతువు తుపాకీ వైపు చూస్తున్నంతసేపూ దాణా కోసం చూస్తున్నట్టే లెక్క. అందుకని మీ మిత్రుడి ద్వారా ర్యాంచ్ యజమానిని కొన్ని విషయాలు అడిగించండి. కంచె లోపల స్థలం ఎంత? ట్రక్కులోంచి దిగి ఎంత దూరం నడవాలి? ఏ జంతువును కొట్టాలో ముందే చెవి ట్యాగు చూసి నిర్ణయిస్తారా? ఆ రోజు దొరక్కపోతే డబ్బు వెనక్కి ఇస్తారా? దొరక్కపోవడమనే ప్రశ్నే రాదండీ అని ఆయన నవ్వితే మీ శ్రీమతికి జవాబు దొరికినట్టే.

మన భాష ఈ విషయంలో మనకంటే ముందే తేల్చి పెట్టింది. అడవిలో జంతువు వెంట పడటాన్నీ వేట అంటాం, జాతరకు తెచ్చి కోసే పొట్టేలునూ వేట అంటాం, ‘వేట మాంసం’ అని కొట్టు మీద బోర్డు రాసుకుంటాం. రెండో అర్థంలో సిగ్గుపడేది ఏమీ లేదు, ఎవరూ దాన్ని సాహసమనీ అనరు. వేట కోసినవాడు కత్తి పట్టుకుని ఫోటో దిగడు. మీ మిత్రుడు పిలుస్తున్నది ఈ రెండో రకం వేటకు, పెట్టిన పేరు మాత్రం మొదటి రకానిది.

ఆయన పక్షాన చెప్పవలసింది కూడా ఉంది, అది చిన్నదేమీ కాదు. పుట్టిన గడ్డి మీదే, మంద మధ్యే, ఏం జరిగిందో తెలిసేలోపు ఒక్క తూటాతో పడిపోయే బైసన్ చావు, లారీలో కుక్కి గంటల తరబడి తీసుకెళ్లి కబేళా వరుసలో నిలబెట్టిన పశువు చావు కన్నా మేలు. చాలామంది ర్యాంచ్ యజమానులు పొలంలోనే కాల్చి కోయించడానికి కారణం అదే. పైగా మాంసానికి గిరాకీ ఉండటం వల్లే ఈ రోజు లక్షల బైసన్‌లు ప్రైవేటు మందల్లో బతుకుతున్నాయి. అందుచేత మీరు మాంసం కోసం వెళ్తున్నామని నలుగురూ ఒప్పుకుని వెళ్తే నాకు అభ్యంతరం లేదు. అప్పుడు కొమ్ములు పెద్దవైన ముసలి మగదాన్ని అడగకండి, దాని మాంసం నమిలేసరికి దవడలు నొప్పి పుడతాయి. రెండేళ్ల పడుచుదాన్ని అడగండి.

మీరు అడగని విషయం ఒకటి, అన్నిటికన్నా ముందు చూసుకోవలసినది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం ఒకటి. ర్యాంచ్ బైసన్ పశువు కనుక లైసెన్సు అక్కర్లేదని వాళ్లు అంటారు. వాళ్లకు అక్కర్లేదు, మీకు కావాలి. ఒక్కసారి పట్టుకుని చూస్తానంతే అన్నా ప్రమాదమే. కొలరాడోలో లైసెన్సు కొనాలంటే 1949లో గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట శిక్షణ తరగతి పూర్తి చేయాలి. మీ ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఒక మెయిలు పెట్టి, లైసెన్సు చేతికి వచ్చేదాకా తుపాకీ ఉన్న గదికి దూరంగా ఉండండి. పన్నెండేళ్ల నిరీక్షణను ఒక మధ్యాహ్నం కోసం పణం పెట్టకండి.

లైసెన్సు ఉన్నా మొదటి తూటా మీరు పేల్చకూడదనే నా సలహా. బైసన్ మూపురం చూసేవాడి కన్నును మోసం చేస్తుంది. ఆ ఎత్తంతా వెన్నుపూసల పొడవాటి ఎముకలు, వాటి మీద కండరాలు, ఊలు. గుండె చాలా కిందికి, ముందు కాలు వెనక, ఛాతీ అడుగున ఉంటుంది. అలవాటు లేనివాడు ఒంటి నడిమికి గురి పెట్టి పైకి కొడతాడు, దెబ్బ తిన్న జంతువు మందలో కలిసిపోతుంది. మిగతావి దాని చుట్టూ మూగితే రెండో తూటాకు చోటు దొరకదు. తొందరపడితే ఒకదానిలోంచి దూసుకుపోయి వెనక ఉన్నదానికీ తగులుతుంది. మహాభారతంలో జింక రూపంలో ఉన్న కిందముడు పాండురాజును శపించింది జింకను చంపినందుకు కాదు, అది జత కూడి ఉన్నప్పుడు ఆగలేకపోయినందుకు. ఆగవలసిన చోట ఆగే చేయి ఒక రోజు శిక్షణతో రాదు. ఆ తూటా మీ మిత్రుణ్ణే పేల్చమనండి. సీసం తూటా కాకుండా రాగి తూటా వాడమని కూడా చెప్పండి, సీసం ముక్కలు మాంసంలోనూ, వదిలేసిన పేగులు తినే గద్దల కడుపులోనూ చేరతాయి.

ఒక చిన్న పిడకల వేట. ఫోటోలు తీసుకుంటే ఇంటికి పంపేటప్పుడు ‘అడవిదున్నను కొట్టాం’ అని రాయకండి. మన పాపికొండల అడవుల్లో తిరిగే అడవిదున్నను కూడా ఇంగ్లీషులో బైసన్ అనే అలవాటు ఉంది కానీ అది వేరే జంతువు. 1972 వన్యప్రాణి చట్టం దానికి మొదటి షెడ్యూలు రక్షణ ఇచ్చింది, దాన్ని వేటాడితే జైలే. భద్రాచలం ఏజెన్సీ కోయలు కొమ్ముల తలపాగా పెట్టుకుని ఆడే కొమ్ముకోయ నృత్యంలో ఉన్నవి ఆ అడవిదున్న కొమ్ములే. మీ ఊళ్లో ఎవరైనా ఆ ఫోటో చూసి అపార్థం చేసుకుంటే సర్దిచెప్పడం కష్టం.

కాబట్టి వెళ్లండి, తుపాకీ లేకుండా వెళ్లండి. వాటా డబ్బు ఇవ్వండి, కాల్చే అవకాశం నాకొద్దని మర్యాదగా చెప్పండి. మీ మిత్రుడు మంచి మనసుతో ఇస్తున్న గౌరవం అది, దాన్ని కాదంటున్నప్పుడు కారణం కూడా చెప్పండి, గేదెల సంగతి చెప్పినా ఆయనకు అర్థమవుతుంది. కోత పని మాత్రం తప్పించుకోకండి. తోలు మందం వల్ల కత్తులు తరచూ మొండిపోతాయి, నలుగురు మనుషులకు సగం రోజు పైన పడుతుంది, తడిసిన చేతులు డకోటా డిసెంబరు గాలికి కొయ్యబారతాయి. రెండు జతల రబ్బరు తొడుగులు, నూరుకోవడానికి ఆకురాయి, పెద్ద కూలర్లు తీసుకెళ్లండి. వచ్చే ఏడు ఆయన కొలరాడో కొండల్లోకి ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్లినప్పుడు నన్నూ తీసుకెళ్లండని అడగండి. అక్కడ నాలుగు రోజులు నడిచి ఏమీ దొరక్క తిరిగొస్తే, ఫెయిర్ చేజ్ అంటే ఆయన నిజంగా ఏమనుకుంటారో మీకు అప్పుడు తెలుస్తుంది.

మీ వాటా మాంసం ఇంటికి తెచ్చాక వంట మీ శ్రీమతి మీద పెట్టకండి, మీరే వండండి. బైసన్ మాంసంలో కొవ్వు తక్కువ. మటన్ వేపుడులా పెద్ద సెగ మీద పెడితే పీచు కట్టేస్తుంది. పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఉంచి, మరునాడు మూత పెట్టి సన్న సెగ మీద మూడు గంటలు వదిలేయండి.